జుట్టుకు, కుక్కకు బయోటిన్: బిళ్ల కన్నా ముందు చూసుకోవాల్సినవి

అడిగిన ప్రశ్న ఇది: "అక్టోబరులో డెంగ్యూ వచ్చి తగ్గింది. జనవరి నుంచి తల దువ్వితే జుట్టు గుప్పెళ్లుగా వస్తోంది. ఫిబ్రవరి నుంచి రోజూ 10,000 మైక్రోగ్రాముల బయోటిన్ బిళ్ల వేసుకుంటున్నాను, బయోటిన్ షాంపూ వాడుతున్నాను. ఇప్పుడు కాస్త నిలబడింది. కానీ మొన్న చేయించిన పరీక్షలో టీఎస్‌హెచ్ బాగా తక్కువగా, ఫ్రీ టీ4 ఎక్కువగా వచ్చింది. థైరాయిడ్ అతిగా పనిచేస్తోందేమో, మందు మొదలుపెడదామా అన్నారు డాక్టర్‌గారు. నాకు గుండె దడ, బరువు తగ్గడం లాంటివి ఏమీ లేవు. ఒకటే టెన్షన్‌గా ఉంది. మా లాబ్రడార్‌కి కూడా వెంట్రుకలు తెగ రాలుతున్నాయి. దానికీ ఈ బిళ్ల సగం వేయొచ్చా? ఇదే షాంపూతో స్నానం చేయించొచ్చా?"

షాంపూలు, క్రీములు, పశువుల దాణాలో కలిపే విటమిన్ మిశ్రమాలు తయారుచేసే పనిలోనే నా ఉద్యోగమంతా గడిచింది. బయోటిన్ అనే ఈ బి విటమిన్‌ను కొన్నాను, తూకం వేశాను, కలిపాను, నిల్వలో ఎంత మిగిలిందో పరీక్షలు చేయించాను. నేను డాక్టర్ని కాను కాబట్టి వైద్యం చెప్పను. ఈ పదార్థం ఎలా పనిచేస్తుందో, ఎక్కడ పనిచేయదో మాత్రం గట్టిగా చెప్పగలను.

మీరు మధ్యలో రాసిన థైరాయిడ్ రిపోర్టే ఇందులో అన్నిటికన్నా ముఖ్యమైనది. జుట్టు సంగతి తరవాత. మందు మొదలుపెట్టకముందే డాక్టర్‌గారికి ఫోన్ చేసి, "నేను మూడు నెలలుగా రోజూ 10 మిల్లీగ్రాముల బయోటిన్ వాడుతున్నాను" అని చెప్పండి. ఆ ఒక్క మాటతో ఆయన ఆ రిపోర్టును చూసే తీరే మారిపోతుంది. థైరాయిడ్‌ను పనిచేయమని పురమాయించే టీఎస్‌హెచ్ తక్కువ, థైరాయిడ్ తయారుచేసే టీ4 ఎక్కువ, లక్షణాలేమో లేవు: ఎక్కువ మోతాదు బయోటిన్ వాడేవారి రిపోర్టుల్లో కనిపించే తప్పుడు ఫలితం సరిగ్గా ఇలాగే ఉంటుంది.

ఎందుకలా జరుగుతుందో చెబుతాను. రక్తంలో హార్మోన్‌ను కొలిచే చాలా యంత్రాల్లో బయోటిన్‌నే ఒక కొక్కెంగా వాడతారు. స్ట్రెప్టావిడిన్ అనే ప్రొటీన్ బయోటిన్‌ను పట్టుకుందంటే ఇక వదలదు. అందుకని పరీక్షలో వాడే యాంటీబాడీకి బయోటిన్ తగిలిస్తారు. అది వచ్చి స్ట్రెప్టావిడిన్ పూసిన సన్నని రేణువులకు అతుక్కుంటుంది, అతుక్కోనిదాన్ని కడిగేస్తారు, మిగిలినదాని వెలుగును కొలుస్తారు. మామూలు మనిషి రక్తంలో ఉండే బయోటిన్ ఈ ప్రక్రియను కదిలించలేదు. మీలా పెద్ద బిళ్ల వేసుకున్నవాళ్ల రక్తంలో అది ఎంత ఉంటుందంటే, ఆర్టీసీ బస్సులో ఎవరో ముందే ఎక్కి అన్ని సీట్లలో కర్చీఫులు వేసేసినట్టు స్ట్రెప్టావిడిన్ సీట్లన్నీ నిండిపోతాయి. పరీక్ష తాలూకు యాంటీబాడీ కూర్చోడానికి చోటు దొరక్క కడుగులో కొట్టుకుపోతుంది, వెలుగు తగ్గుతుంది.

ఇక్కడే ఇంకో చిక్కుంది. టీఎస్‌హెచ్ పరీక్షలో వెలుగు తగ్గితే హార్మోన్ తక్కువ ఉందని యంత్రం లెక్క. ఫ్రీ టీ4, టీ3 పరీక్షల అమరిక దీనికి తిరగబడి ఉంటుంది, వాటిలో వెలుగు తగ్గితే హార్మోన్ ఎక్కువ ఉన్నట్టు. అంటే ఒకే కారణం వల్ల ఒకటి తప్పుగా తగ్గి, మరొకటి తప్పుగా పెరిగి, రెండూ కలిసి థైరాయిడ్ జబ్బు బొమ్మను అచ్చుగుద్దినట్టు చూపిస్తాయి. పుట్టుకతో వచ్చే జీవక్రియ లోపాలకు పెద్ద మోతాదు బయోటిన్ వాడుతున్న పిల్లలకు, థైరాయిడ్ అతిగా పనిచేసే గ్రేవ్స్ వ్యాధి ఉందని పొరబడిన సంఘటనలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017 నవంబరులో దీని గురించి హెచ్చరిక ఇచ్చింది, 2019లో మళ్లీ ఇచ్చింది. గుండెపోటును పట్టే ట్రోపోనిన్ పరీక్ష బయోటిన్ వల్ల తప్పుగా తక్కువ చూపించిందని, ఎక్కువ బయోటిన్ తీసుకుంటున్న ఒక రోగి చనిపోయారని ఆ హెచ్చరికలో ఉంది. అందుకే "విటమినే కదా, ఎక్కువైతే మూత్రంలో పోతుంది, నష్టమేముంది" అనే మాట ఎవరన్నా నేను ఊరుకోను. ఎక్కువైంది మూత్రంలో పోయే మాట నిజమే. పోయేలోపు రక్తం తీస్తేనే ప్రమాదం.

అన్ని ల్యాబుల యంత్రాలూ ఈ పద్ధతి వాడవు. వాడే కంపెనీల్లో కొన్ని ఈమధ్య కిట్లను మార్చి ఈ ఇబ్బంది తగ్గించాయి. కానీ మీ ల్యాబులో ఏ కిట్ ఉందో రక్తం తీసే అబ్బాయికి తెలిసే అవకాశం తక్కువ. కాబట్టి తేలిక దారి ఇది: బిళ్ల ఆపండి, ఆగాక మళ్లీ పరీక్ష చేయించండి. అమెరికన్ థైరాయిడ్ అసోసియేషన్ కనీసం రెండు రోజులు ఆపమంటుంది. మీ మోతాదుకు నేనైతే మూడు రోజులు పూర్తిగా ఆపమంటాను. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లకు ఇంకా ఎక్కువ రోజులు పట్టొచ్చు, వాళ్లు డాక్టర్‌ని అడగాలి. ఆపేటప్పుడు ఆ బిళ్ల ఒక్కటే చూసుకుంటే చాలదు. "హెయిర్, స్కిన్, నెయిల్స్" అని రాసి ఉన్న గమ్మీలు, పొడులు, మల్టీవిటమిన్లు అన్నిటి వెనకా చదవండి. విటమిన్ బి7, విటమిన్ హెచ్, డి-బయోటిన్ అని రాసినా అది ఇదే.

మళ్లీ చేయించాక కూడా టీఎస్‌హెచ్ తక్కువే వస్తే అప్పుడు అది నిజం. థైరాయిడ్ అతిగా పనిచేసినా జుట్టు ఊడుతుంది కాబట్టి వైద్యం తప్పకుండా చేయించుకోవాలి. బయోటిన్ వల్లే అలా వచ్చి ఉంటుందని మీరే తేల్చేసుకుని రెండో పరీక్ష మానేయొద్దు.

ఇప్పుడు జుట్టు దగ్గరికి వద్దాం. బయోటిన్ మన ఒంట్లో ఐదు ఎంజైములకు తోడుగా ఉంటుంది. కొవ్వు ఆమ్లాలు తయారవడానికి, కొన్ని అమైనో ఆమ్లాలు విడగొట్టడానికి, గ్లూకోజు తయారవడానికి ఆ ఎంజైములు కావాలి. అది నిజంగా కొరవడితే కళ్లు, ముక్కు, నోటి చుట్టూ ఎర్రటి పొలుసుల దద్దురు వస్తుంది, జుట్టు పలచబడుతుంది, నీరసం, దిగులు, తిమ్మిర్లు వస్తాయి. ఈ సంగతి బయటపడింది పచ్చి గుడ్డు తెల్లసొన వల్ల. 1927లో లండన్‌లో మార్గరెట్ బోయస్ అనే శాస్త్రవేత్త పచ్చి తెల్లసొన మీద పెంచిన ఎలుకల్లో చర్మం పాడై జుట్టు ఊడటం గమనించారు. తెల్లసొనలోని అవిడిన్ అనే ప్రొటీన్ బయోటిన్‌ను పట్టేసి ఒంటికి అందనివ్వదని తరవాత తేలింది. ఇందాక చెప్పిన స్ట్రెప్టావిడిన్ దానికి దగ్గరి పోలికే, పట్టు కూడా అలాంటిదే. 1936లో నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్‌లో కోగ్ల్, టోనిస్ కలిసి 250 కిలోల ఎండిన గుడ్డు పచ్చసొన నుంచి మిల్లీగ్రాము పైచిలుకు శుద్ధ బయోటిన్ తీయగలిగారు. మీరు రోజూ మింగే బిళ్లలో దానికి తొమ్మిది రెట్లు ఉంటుంది.

మరి ఒంటికి ఎంత కావాలి? పెద్దవాళ్లకు అమెరికా లెక్క రోజుకు 30 మైక్రోగ్రాములు, యూరప్ లెక్క 40. మీ బిళ్ల 10,000. అమెరికా లెక్కతో చూస్తే 333 రోజుల అవసరం ఒక్క గుక్కలో మింగుతున్నారు. 1942లో అమెరికాలో సిడెన్‌స్ట్రికర్ బృందం కొందరు వాలంటీర్లకు పచ్చి తెల్లసొన విపరీతంగా తినిపించి లోపం కలిగించి చూసింది. ఆ లోపం నయం కావడానికి రోజుకు 150 నుంచి 300 మైక్రోగ్రాములు సరిపోయాయి, అదీ కొద్ది రోజుల్లోనే. నిజమైన లోపానికే అంత చాలినప్పుడు, లోపం లేని ఒంటికి 10,000 దేనికి? డబ్బా మీద అంకె పెద్దగా ఉంటే జనం కొంటారు, అది తప్ప ఇంకో కారణం ఈ రంగంలో ఇన్నేళ్లుగా ఉన్న నాకు కనిపించలేదు.

ఆ 30 మైక్రోగ్రాములు తిండిలో దొరకడం కష్టమేమీ కాదు. ఉడికించిన ఒక కోడిగుడ్డులో 10 మైక్రోగ్రాముల దాకా ఉంటుంది. మేక కార్జం వండుకునే ఇంట్లో ఆ పూటకు ఇక లెక్కే అక్కర్లేదు. పల్లీలు, పొద్దుతిరుగుడు గింజలు, బాదం, చిలగడదుంప, పుట్టగొడుగులు అన్నిటిలో ఎంతో కొంత ఉంటుంది. గుడ్డు తినని ఇళ్లలోనూ పల్లీ చట్నీ, పల్లీ పొడి వేసిన కూరలు వారమంతా నడుస్తూనే ఉంటాయి. జిమ్‌కు వెళ్లే కుర్రాళ్లు పచ్చి గుడ్లు గ్లాసులో కొట్టుకుని తాగడం మాత్రం మానేయాలి. ఉడికిస్తే అవిడిన్ దెబ్బతిని బయోటిన్‌ను వదిలేస్తుంది, సాల్మొనెల్లా భయమూ పోతుంది. తలకు గుడ్డు సొన పట్టించుకునేవాళ్లు దీనికి కంగారు పడొద్దు, తల మీద పూసిన అవిడిన్ లోపలికి పోదు.

లోపం నిజంగా వచ్చేవాళ్లు కొందరున్నారు, వాళ్ల విషయంలో బయోటిన్ అమృతమే. ఏళ్ల తరబడి మూర్ఛకు కార్బమజెపిన్, ఫెనిటోయిన్ లాంటి మందులు వాడేవాళ్లు, మద్యం బాగా అలవాటైనవాళ్లు, నోటితో తినలేక నరం ద్వారానే పోషణ అందుకుంటున్నవాళ్లు, కొంతవరకు గర్భిణులు. అన్నిటికన్నా ముఖ్యంగా, బయోటినిడేజ్ అనే ఎంజైము పుట్టుకతోనే లేని పిల్లలు. ఒంట్లో వాడిన బయోటిన్‌ను తిరిగి వాడకానికి తెచ్చే ఎంజైము అది. ఈ లోపం తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చొప్పున రెండు జన్యువులూ దెబ్బతిని వస్తేనే బయటపడుతుంది కాబట్టి మేనరికాలు ఎక్కువగా ఉన్న మన తెలుగు జిల్లాల్లో దీన్ని గుర్తుంచుకోవాలి. నెలల పసిబిడ్డకు ఫిట్స్, ఒళ్లు మెత్తబడటం, నోటి చుట్టూ మానని దద్దురు, జుట్టు రాలడం కలిసి కనిపిస్తే ఆలస్యం చేయకుండా పిల్లల డాక్టర్‌కి చూపించి "బయోటినిడేజ్ పరీక్ష చేయిస్తారా" అని అడగండి. ఆ బిడ్డకు రోజుకు 5 నుంచి 10 మిల్లీగ్రాముల బయోటిన్ జీవితాన్నే నిలబెడుతుంది. ఆలస్యమైతే పోయిన వినికిడి సాధారణంగా తిరిగి రాదు. మీరు వేసుకుంటున్న మోతాదు అసలు ఇలాంటి పిల్లల కోసం.

లోపం లేనివాళ్లలో జుట్టు పెరిగిందా? 2017లో పటేల్, ఆమె సహచరులు అప్పటిదాకా అచ్చయిన కేసులన్నీ వెతికితే బయోటిన్‌తో మేలు జరిగినవి 18 దొరికాయి. ఆ 18 మందిలోనూ జుట్టు, గోళ్ల ఎదుగుదల దెబ్బతినడానికి వేరే మూలకారణం ఉంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ల జుట్టుకు బయోటిన్ మేలు చేస్తుందనడానికి రుజువు దొరకలేదు. ఎదుటి వాదన కూడా చెప్పాలి: 2016లో జ్యూరిచ్‌లో ట్రూబ్ అనే చర్మవైద్యుడు జుట్టు రాలుతోందని వచ్చిన 541 మంది స్త్రీలను పరీక్షిస్తే 38 శాతం మందిలో రక్తంలో బయోటిన్ తక్కువగా ఉంది. కంపెనీలు ఈ అంకెనే పట్టుకుంటాయి. కానీ రక్తంలో బయోటిన్ స్థాయి లోపానికి నమ్మదగిన కొలమానం కాదు, పైగా జుట్టు రాలని స్త్రీలలో ఎంతమందికి అలా ఉందో ఆ అధ్యయనం పక్కన పెట్టి పోల్చలేదు. గోళ్లు పెళుసుగా విరిగిపోయేవాళ్లకు రోజుకు 2.5 మిల్లీగ్రాములు నెలల తరబడి ఇచ్చినప్పుడు గోరు మందం పెరిగిందని చిన్న అధ్యయనాలున్నాయి. వాటి మీద నాకు కొంత నమ్మకం ఉంది, కారణం గుర్రాల దగ్గర చెబుతాను.

అయితే మీకు జుట్టు నిలబడింది కదా అంటారు. డెంగ్యూలాంటి పెద్ద జ్వరం వచ్చినప్పుడు పెరుగుతున్న వెంట్రుకల్లో చాలావాటికి ఎదుగుదల ఒక్కసారి ఆగిపోయి విశ్రాంతి దశలోకి పోతాయి. అవి వెంటనే రాలవు. రెండు మూడు నెలలు కుదుట్లోనే ఉండి, కింద కొత్త వెంట్రుక మొలుస్తుంటే అప్పుడు రాలతాయి. దీన్ని టెలోజెన్ ఎఫ్లూవియమ్ అంటారు. మీకు అక్టోబరులో జ్వరం, జనవరిలో జుట్టు: లెక్క సరిగ్గా సరిపోయింది. ప్రసవం తరవాత, కోవిడ్ తరవాత, ఆపరేషన్ తరవాత, కడుపు మాడ్చుకునే డైటింగ్ తరవాత కూడా ఇలాగే ఊడుతుంది. ఏ మందూ వాడకపోయినా చాలామందిలో ఆరు నెలల్లోపు ఆగుతుంది. అది ఆగే నెలల్లోనే ఎవరైనా బిళ్లలు మొదలుపెడతారు కాబట్టి ఆ పేరు బిళ్లకు దక్కుతుంది. వానాకాలం జ్వరాలు పోయాక, సంక్రాంతి తిరిగేసరికి బయోటిన్ అమ్మకాలు, "నాకు పనిచేసింది" అనే మాటలు కలిసి పెరగడం వెనక ఉన్నది ఇదే.

అద్దం ముందు నిలబడి నుదుటి అంచున, చెంపల పక్కన చూసుకోండి. మొన సన్నగా, నిటారుగా లేచే రెండు మూడు సెంటీమీటర్ల పిల్ల వెంట్రుకలు కనిపిస్తే కుదుళ్లు మళ్లీ పనిలో పడ్డాయని అర్థం. వెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. జడ మునుపటంత లావు కావడానికి ఏడాదికి పైగా పడుతుంది, ఏ సీసా కొన్నా ఆ వేగం మారదు. అలా కాకుండా పాపిడి వెడల్పవుతూ, నడినెత్తి పలచబడుతూ పోతుంటే అది వేరే జబ్బు. దానికి మినాక్సిడిల్ లాంటి రుజువైన మందులున్నాయి, చర్మవైద్యుల దగ్గరికి వెళ్లాలి. బయోటిన్‌తో నెలలు పోగొట్టుకుంటే అక్కడ పోయేది మళ్లీ రాని జుట్టు.

రెండో సంగతి ఐరన్. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. అంటే జుట్టు రాలుతోందని మన ఊళ్లో ఏ అమ్మాయి చెప్పినా ముందు అనుమానించాల్సింది ఐరన్‌ను. నెలసరి ఎక్కువగా అయ్యేవాళ్లకైతే మరీ. సీబీపీ, ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే ఫెరిటిన్, బి12, విటమిన్ డి చేయించండి. కానీ ఇక్కడా ఆ బిళ్లే అడ్డు. బయోటిన్ ఎక్కువగా ఉన్న రక్తంలో, ఆ పద్ధతి వాడే యంత్రాల మీద, ఫెరిటిన్ ఉన్నదానికన్నా తక్కువగా, బి12, విటమిన్ డి ఉన్నదానికన్నా ఎక్కువగా రావొచ్చు. జుట్టు ఎందుకు ఊడుతోందో చెప్పే పరీక్షలనే జుట్టు కోసం వేసుకున్న బిళ్ల చెడగొడుతుంది. సీబీపీలో హిమోగ్లోబిన్ మాత్రం దీనివల్ల మారదు. థైరాయిడ్ కోసం ఎలాగూ ఆపుతున్నారు కాబట్టి అన్నీ ఒకే రోజు ఇచ్చేయండి. ఐరన్ తక్కువని తేలితే ఎంత, ఎన్నాళ్లు అన్నది డాక్టర్‌గారే చెప్పాలి.

షాంపూ గురించి ఎవరూ చెప్పనిది కొంచెం వివరంగా చెబుతాను, ఇది నా పని కాబట్టి. ఉదాహరణకు 500 కిలోల షాంపూ బ్యాచ్‌కు 0.01 శాతం బయోటిన్ వేయాలనుకుందాం. అది 50 గ్రాములు. తెల్లటి మెత్తని పొడి అది. నీళ్లలో సరిగా కరగదు, 25 డిగ్రీల దగ్గర 100 మిల్లీలీటర్లలో 22 మిల్లీగ్రాములే కరుగుతుంది. అందుకే ముందు కాస్త పలచని క్షారంలో కరిగించుకుని, మిగతా బ్యాచ్ చల్లబడ్డాక చివర్లో పోస్తాం. తయారైన షాంపూ మీరు 10 మిల్లీలీటర్లు పోసుకుంటే నెత్తి మీదికి చేరేది ఒక మిల్లీగ్రాము. రెండు నిమిషాల్లో అదీ నీళ్లతో పోతుంది. వెంట్రుకలో బతికున్న కణాలు లేవు, విటమిన్ తీసుకుని అది చేసేదేమీ లేదు. బతికున్న కుదురు చర్మం కింద మిల్లీమీటర్ల లోతున ఉంది. రాసి వదిలేసే ఆయింట్‌మెంట్ నుంచైతే కొంత బయోటిన్ చర్మం దాటుతుంది, కడిగేసే షాంపూ నుంచి కుదురుకు చెప్పుకోదగ్గంత చేరుతుందని నేను నమ్మను.

అయినా బయోటిన్ షాంపూ వాడాక జుట్టు ఒత్తుగా అనిపిస్తుంది, ఆ అనుభవం అబద్ధం కాదు. ఆ పని చేసేవి వేరే: డైమెథికోన్ అనే సిలికాన్, పాలీక్వాటర్నియం అని పేరుండే పాలిమర్లు, హైడ్రోలైజ్డ్ వీట్ ప్రొటీన్, కెరటిన్. అవి వెంట్రుక మీద పలచని పూతలా పట్టి మందాన్ని, నునుపును ఇస్తాయి. సీసా వెనక పదార్థాలు ఎక్కువ ఉన్నదాని నుంచి తక్కువకు వరసలో ఉంటాయి, 1 శాతం లోపు ఉన్నవాటిని ఏ వరసలోనైనా రాసుకోవచ్చు. బయోటిన్ పేరు పరిమళానికి, ప్రిజర్వేటివ్‌కు అటూ ఇటూ ఉందంటే అది చిటికెడంత అని తెలుసుకోండి. మీకు ఆ షాంపూ నచ్చితే వాడుకోండి, నష్టం లేదు. బయోటిన్ అన్న పేరుకు మాత్రం రూపాయి ఎక్కువ పెట్టకండి. చుండ్రు ఉంటే కీటోకోనజోల్ షాంపూ అడిగి తెచ్చుకోవడం మేలు.

చర్మం క్రీముల్లోనూ కథ ఇంతే. పొడిచర్మానికి గ్లిజరిన్, యూరియా, సెరమైడ్లు, చివరికి మామూలు పెట్రోలియం జెల్లీ చేసే మేలు బయోటిన్ చేయదు. స్నానం చేసి ఒళ్లు చెమ్మగా ఉండగానే రాసుకోండి. పెద్ద బిళ్లలు వేసుకుంటే మొటిమలు వచ్చాయని చాలామంది చెబుతారు. బయోటిన్, పాంటోథెనిక్ ఆమ్లం అనే ఇంకో బి విటమిన్ రెండూ పేగులో ఒకే ద్వారం గుండా లోపలికి వెళ్తాయి కాబట్టి ఒకటి ఎక్కువైతే రెండోది తగ్గుతుందని ఒక వివరణ ఉంది. గట్టి రుజువు లేదు గానీ, బిళ్ల మొదలుపెట్టాకే గడ్డం చుట్టూ మొటిమలు వచ్చాయంటే ఆపి చూడటంలో పోయేదేమీ లేదు.

మీ లాబ్రడార్‌కి ఆ సగం బిళ్ల వేయకండి. అందులో ఇంకేం కలిపారో చూడకుండా మనుషుల బిళ్ల, ముఖ్యంగా గమ్మీ, కుక్కకు అసలు పెట్టకూడదు. చక్కెర బదులు జైలిటాల్ వేసిన గమ్మీలు ఉంటాయి. మనకు ఏమీ కాదు, కుక్కకు మాత్రం అరగంటలోనే రక్తంలో చక్కెర పడిపోయి తూలిపోతుంది, ఫిట్స్ వస్తాయి, కాలేయం దెబ్బతింటుంది. పొరపాటున తిన్నట్టు తెలిస్తే లక్షణాల కోసం ఎదురుచూడకుండా వెంటనే వెటర్నరీ డాక్టర్ దగ్గరికి పరుగెత్తాలి. డబ్బా కుక్కకు అందని ఎత్తులో పెట్టండి.

కుక్కల్లో బయోటిన్ లోపం అరుదు, పేగుల్లోని బ్యాక్టీరియా కూడా కొంత తయారుచేస్తుంది. దీర్ఘకాలం యాంటీబయాటిక్స్ వాడినప్పుడు, పచ్చి తెల్లసొన రోజూ బాగా పెట్టినప్పుడు లోపం రావొచ్చు. "పచ్చి గుడ్డు కొట్టి పోస్తే బొచ్చు నిగనిగలాడుతుంది" అని చాలా ఇళ్లలో నమ్మకం. ఎప్పుడో ఒక గుడ్డు పచ్చసొనతో సహా తింటే ఏమీ కాదు, కానీ ఉడికించి పెట్టడమే అన్ని విధాలా మంచిది. 1989లో అచ్చయిన ఒక అధ్యయనంలో చర్మ సమస్యలున్న 119 కుక్కలకు 10 కిలోల బరువుకు 5 మిల్లీగ్రాముల చొప్పున మూడు నుంచి ఐదు వారాలు బయోటిన్ ఇస్తే చాలావాటికి తగ్గింది. పెట్ సప్లిమెంట్లు అమ్మేవాళ్లు దీన్నే చూపిస్తారు. బయోటిన్ ఇవ్వని కుక్కలతో పోల్చి చూడలేదు కాబట్టి ఎంత మేలు దానివల్ల జరిగిందో తేలదు.

గుర్రాల సంగతి వేరు, ఈ విటమిన్ మీద నాకు గౌరవం కలిగింది అక్కడే. వియన్నాలోని స్పానిష్ రైడింగ్ స్కూల్‌లో లిపిజానర్ జాతి గుర్రాలకు గిట్టలు పగిలిపోతుంటే 42 గుర్రాల మీద పరిశోధన చేశారు. 26 గుర్రాలకు రోజుకు 20 మిల్లీగ్రాముల బయోటిన్, 16 గుర్రాలకు ఉత్తుత్తి మందు. 1995లో అచ్చయిన ఆ ఫలితాల్లో గిట్ట నాణ్యత మెరుగుపడింది, కానీ అది కనబడటానికి తొమ్మిది నెలలు పట్టింది. గిట్ట పెరిగే వేగం మాత్రం మారలేదు. పాడి ఆవులకు కూడా రోజుకు 20 మిల్లీగ్రాములు ఇస్తే గిట్ట జబ్బుల వల్ల కుంటడం తగ్గిందని పొలాల్లో చేసిన అధ్యయనాలు చూపాయి. గోళ్ల మీద ఆశ పుట్టింది ఈ గిట్టల నుంచే, రెండూ కెరటిన్ అనే ప్రొటీనే కాబట్టి. కోళ్ల దాణాలో అయితే ఇది వాడి తీరాల్సిందే. గోధుమ, జొన్న లాంటి గింజల్లోని బయోటిన్ కోడికి సరిగా అందదు, మొక్కజొన్నది అందుతుంది. అందకపోతే కోడిపిల్లల పాదాల అడుగున పుండ్లు పడతాయి, బ్రాయిలర్లు కాలేయం, కిడ్నీలు కొవ్వు పట్టి హఠాత్తుగా చనిపోతాయి. మొక్కజొన్న ధర పెరిగి దాణాలో వేరే గింజ కలిపిన రోజున విటమిన్ మిశ్రమంలో బయోటిన్ ఎంతుందో మళ్లీ చూసుకోమని రైతులకు ఎప్పుడూ చెబుతుంటాను.

మీ కుక్క దగ్గర చూడాల్సినవి వేరే ఉన్నాయి. లాబ్రడార్‌కి రెండు పొరల బొచ్చు, ఫ్లాట్లలో లైట్లు, ఏసీల మధ్య పెరిగేవి ఏడాది పొడుగునా రాలుస్తూనే ఉంటాయి. ఒళ్లంతా సమంగా రాలుతూ, చర్మం శుభ్రంగా, దురద లేకుండా ఉంటే రోజూ దువ్వడమే వైద్యం. గోక్కుంటోందా? చెవుల వెనక, వేళ్ల సందుల్లో, తోక కింద బొచ్చు విడదీసి గోమార్లు, కొన్నిచోట్ల పిడుదులంటారు, ఉన్నాయేమో వెలుతురులో చూడండి. గోమార్లతో టిక్ ఫీవర్ కూడా వస్తుంది, అది ప్రాణం మీదికి తెచ్చే జబ్బు. చర్మం జిడ్డుగా, పుల్లటి వాసనతో ఉంటే ఈస్టు అనే బూజు పట్టి ఉండొచ్చు. గుండ్రంగా మచ్చలుగా ఊడితే గజ్జి, తామర లాంటివి చూడాలి. ఆరేడేళ్లు దాటి, బరువు పెరిగి, మందకొడిగా ఉండి, రెండు పక్కలా ఒకేలా ఊడుతుంటే దానికీ థైరాయిడ్ పరీక్ష కావాలి. పెట్ సప్లిమెంట్లలో కూడా బయోటిన్ ఉంటుంది కాబట్టి ఆ పరీక్షకు ముందు వెటర్నరీ డాక్టర్‌కు అది కూడా చెప్పండి.

తిండి ఏం పెడుతున్నారో మీరు రాయలేదు. మన ఇళ్లలో చాలా కుక్కలు రెండు పూటలా పెరుగన్నంతోనే బతుకుతాయి. ప్రేమగానే పెడతారు, కానీ వెంట్రుక దాదాపు అంతా ప్రొటీనే, అది పెరుగన్నంలో చాలదు. జింక్, అవసరమైన కొవ్వు ఆమ్లాలు కూడా చాలవు. బొచ్చు మొద్దుబారి, చర్మం పొట్టు రాలుతుంది. అలాంటి కుక్కకు బయోటిన్ పోసే బదులు ఉడికించిన గుడ్డు, చికెన్, చేప పెట్టండి, లేదా సమతుల పోషకాహారమని రాసి ఉన్న డాగ్ ఫుడ్‌కు వారం పది రోజుల్లో నెమ్మదిగా మార్చండి. ఉప్పు, ఉల్లిపాయ, వెల్లుల్లి లేకుండా వండాలి. చేప నూనె వేయాలనుకుంటే బరువును బట్టి ఎంతో డాక్టర్‌ని అడగండి. కొత్త బొచ్చు కనిపించడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు ఓపిక పట్టాలి.

మీ షాంపూ దానికి వద్దు. మన తల చర్మానికి తగిన ఆమ్లత్వంతో చేసిన షాంపూ కుక్క చర్మానికి సరిపడదు, పరిమళాలు కూడా ఎక్కువ. డాగ్ షాంపూలోనూ బయోటిన్ ఉందా లేదా చూడక్కర్లేదు. మామూలు స్నానానికి మృదువైనది చాలు. ఈస్టు, చీము ఉంటే డాక్టర్ క్లోర్‌హెక్సిడిన్, కీటోకోనజోల్ ఉన్నది రాస్తారు. దాన్ని పట్టించి వెంటనే కడగకుండా పది నిమిషాలు నాననివ్వాలి. కుక్క ఆ పది నిమిషాలు ఊరుకోదు కాబట్టి ఇంట్లో ఇంకొకరిని పట్టుకోమని, చెవుల్లోకి నీళ్లు పోకుండా చూసుకోండి. కడిగాక పొట్ట కింద, చంకల్లో తడి లేకుండా టవల్‌తో బాగా తుడవండి, వానాకాలంలో ఆ తడి దగ్గరే మళ్లీ మొదలవుతుంది.